కారు కిస్తీ కడుతూనే రిటైర్మెంట్‌కి దాచుకోవడం

రాయగడలో ప్రైవేటు ఉద్యోగం చేసే మా తమ్ముడు కారు కొంటానన్నాడు. "నీకు పింఛను రాదురా, ముందు నా మాట విను" అన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

షోరూమ్‌కి వెళ్లే ముందే పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా), సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే పెట్టుబడి) ప్రతి నెలా 3వ తేదీకి కట్ అయ్యేలా పెట్టుకోండి. పీపీఎఫ్‌లో 5వ తేదీలోపు వేస్తే ఆ నెల వడ్డీ కూడా కలుస్తుంది. ఇంటి ఖర్చులు పోగా మిగిలిందాన్ని బట్టే కిస్తీ.

కిస్తీ తక్కువని 7 ఏళ్లు పెట్టించుకోవద్దు. 9 శాతం వడ్డీకి 6 లక్షలు తీసుకుంటే 5 ఏళ్లకి నెలకి సుమారు 12,455 రూపాయలు, 7 ఏళ్లకి 9,653. హాయిగా అనిపిస్తుంది కానీ మొత్తం మీద 63 వేలకు పైగా ఎక్కువ కడతాం. మా మొదటి కారుకి నేను చేసింది ఇదే. ఆ 7 ఏళ్లూ పీపీఎఫ్‌లో ఏటా కనీసం కట్టాల్సిన 500 తప్ప వేయలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు.

కిస్తీ తీరిన మరుసటి నెల నుంచే ఆ డబ్బంతా సిప్‌లోకి మళ్లించండి, చేతికి రానివ్వకండి.

పార్వతీపురంలో పెళ్లిళ్లకి, మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లిరావడానికి సెకండ్ హ్యాండ్ బండి చాలు. తమ్ముడు 4 లక్షల అప్పుతో అదే తీసుకున్నాడు. కిస్తీ 8,303.