విశాఖలో వాలిపోయే రేకు, హైదరాబాద్‌లో పగిలే రేకు

విశాఖలో ఉన్నన్నాళ్లూ క్రిస్మస్ కేకు మీద పెట్టడానికి నేను చేసిన చక్కెర పాయిన్‌సెట్టియా (క్రిస్మస్‌కు పెట్టుకునే ఎర్రటి పువ్వు) మర్నాటికి కూడా ఆరేది కాదు. హైదరాబాద్ వచ్చాక అదే గమ్ పేస్ట్, అంటే పూలు చేసే చక్కెర ముద్ద, చేతిలో ఉండగానే బీటలు వారింది. కొలతలు మార్చే ముందు గాలి ఎలా ఉందో చూడండి.

రేకు అంచులు పగులుతున్నాయా?

డిసెంబరులో దక్కన్ గాలి పొడిగా ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంటే ఇక చెప్పక్కర్లేదు. ఫ్యాను ఆపి, నిమ్మకాయంత ముద్ద మాత్రం బయట ఉంచుకుని, మిగతాది ప్లాస్టిక్ ర్యాప్‌లో చుట్టి డబ్బాలో పెట్టండి. వేళ్లకు చిటికెడు వనస్పతి రాసుకుని మెదిపితే ముద్ద మళ్లీ సాగుతుంది.

అప్పటికీ పగిలితే టైలోజ్ (ముద్దను గట్టిపరిచే పొడి) ఎక్కువైనట్టే. గమ్ పేస్ట్ కోసం 250 గ్రాముల ఫాండెంట్‌కు (కేకు మీద కప్పే మెత్తటి చక్కెర ముద్ద) ఒక టీస్పూను టైలోజ్‌తో మొదలుపెట్టి, రాత్రంతా మూసి ఉంచాలి. వెంటనే గట్టిపడలేదని ఇంకో చెంచా వేశామంటే పొద్దున్నకల్లా రాయి అవుతుంది. ఉత్త ఫాండెంట్ కొంచెం కలిపితే దారికొస్తుంది.

ఆరక వాలిపోతున్నాయా?

ఇది కోస్తా వాళ్ల బాధ. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే చక్కెర గాలిలోని తేమంతా లాగేసుకుంటుంది. ఏసీ గదిలో ఆరబెట్టండి. లేదంటే ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి అందులో ఉంచండి. పాత రకం బల్బయితేనే సుమా, ఎల్ఈడీకి ఆ వెచ్చదనం రాదు. ఆరిన పూలను సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో దాచుకోవచ్చు. నెలలపాటు ఉంటాయి, కాబట్టి పండుగ వారం దాకా ఆగకండి. వనస్పతి ఎక్కువైనా ఆరవని గుర్తుంచుకోండి.

ఎరుపు అడిగితే గులాబీ రంగు వస్తోందా?

తెల్ల ముద్దలో జెల్ రంగు పోస్తూ పోతే ఎరుపు రాకముందే చేతికి అంటుకునే పాకం అవుతుంది. పొడి రంగు కలిపి ఒక రాత్రి ఆగండి, రంగు ముదురుతుంది. ఆరిన రేకు మీద ఎర్ర డస్ట్ (పైన అద్దే మెత్తటి పొడి రంగు) బ్రష్‌తో అద్ది, కెటిల్ ఆవిరికి రెండు మూడు సెకన్లు చూపిస్తే అంటుకుంటుంది. ఎక్కువసేపు పట్టుకుంటే కరుగుతుంది. డస్ట్ డబ్బా మీద 'ఎడిబుల్' అని ఉండాలి. 'నాన్ టాక్సిక్' అన్నంత మాత్రాన తినే రంగు కాదు.

అసలు పాయిన్‌సెట్టియాలో ఎర్రటివి పూరేకులే కావు, ఆకులు. నిజమైన పూలు మధ్యలో ఉండే పచ్చటి బొడిపెలు. అందుకే ఈనెలు తేలకపోతే పువ్వు బొమ్మలా ఉంటుంది. అలాగని నర్సరీ మొక్క ఆకు తెచ్చి ముద్దకు అద్దకండి, దాని పాలు పడవు. సిలికాన్ అచ్చు వాడండి.

ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమర్చాయా?

చల్లటి చక్కెర మీద బయటి తేమ నీరవుతుంది. ముట్టుకోకండి, ఎరుపు కారి వేలిముద్రలు పడతాయి. ఫ్యాను గాలికి వదిలేయండి. విప్డ్ క్రీమ్ కేకు అయితే పూలు విడిగా తీసుకెళ్లి, ఇచ్చే ముందు పెట్టడమే మేలు. పూల అడుగున కరిగించిన వైట్ చాక్లెట్ పూస్తే క్రీము తడి పైకి ఎక్కదు. మార్జిపాన్ (బాదం, చక్కెర ముద్ద), ఫాండెంట్ కప్పిన ప్లమ్ కేకుకు ఫ్రిజ్ గొడవే లేదు.

రేకు తీగ నుంచి జారుతోందా?

రేకును నిలబెట్టే సన్నటి లోహపు తీగ కొసను గుడ్డు తెల్లసొనలో ముంచి, రేకులో మూడో వంతు వరకైనా దింపండి. రేకులకు 26 గేజ్ చాలు; అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. తీగను నేరుగా కేకులో గుచ్చొద్దు. స్ట్రా ముక్క అడుగును చాక్లెట్‌తో మూసి కేకులో దింపి, అందులో నిలబెట్టండి. కేకు కోసేముందు స్ట్రాతో సహా లాగేయమని తీసుకెళ్లేవాళ్లకు చెప్పండి.