క్లిక్ చేసిన వరస రంగు మారాలంటే: ఎక్సెల్‌లో సెలెక్షన్ మాక్రో

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు లెక్కలు నేనే చూస్తాను. రైతు పేరు, ఊరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, రేటు, కమీషన్, హమాలీ, అడ్వాన్సు... మా షీట్ స్క్రీన్‌లో పట్టదు. "నా తేజ రకం మిర్చి ఎంతకు పోయిందమ్మా" అని రైతు ఫోన్ చేస్తే ఎడమ చివర పేరు వెతికి, కుడి చివరి దాకా కన్ను జారకుండా వెళ్లాలి. పై వరసలోని తాలు (నాసిరకం కాయ) రేటు చదివి వినిపించామంటే సాయంత్రం కొట్టు ముందు గొడవే. అందుకే ఏ సెల్ మీదకు వెళ్తే ఆ వరసంతా పసుపుపచ్చగా మారేలా పెట్టుకున్నాను.

ముందు రంగు సంగతి. హెడింగ్ వదిలేసి లెక్కలున్న వరసలన్నీ సెలెక్ట్ చేయండి. హోమ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్, న్యూ రూల్, అందులో ఆఖరిది, ఫార్ములా రాసుకునే రూల్. అక్కడ =రో()=సెల్("రో") అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఫార్మాట్ నొక్కి రంగు ఎంచుకోండి. ఇప్పుడు క్లిక్ చేసినా రంగు కదలదు. షీట్ మళ్లీ లెక్క కట్టుకుంటేనే కదులుతుంది. ఆ పని మాక్రోది, అంటే ఎక్సెల్ తనంతట తాను నడిపే చిన్న కోడ్‌ది.

కింద షీట్ ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి వ్యూ కోడ్ నొక్కండి. పైన ఎడమవైపు 'జనరల్' అని ఉన్నచోట 'వర్క్‌షీట్' ఎంచుకుంటే, సెలెక్షన్ మారినప్పుడల్లా నడిచే సెలెక్షన్‌ఛేంజ్ మాక్రోకు మొదటి లైను, చివరి లైను ఎక్సెలే రాసిస్తుంది. ఆ రెంటి మధ్య ఈ ఒక్క లైను, ఇదీ ఇంగ్లీషులోనే:

ఇఫ్ అప్లికేషన్.కట్‌కాపీమోడ్ = ఫాల్స్ దెన్ అప్లికేషన్.కాలిక్యులేట్

మొదటి సగం ఎందుకంటే, అది లేకపోతే కాపీ చేసి పేస్ట్ కోసం వేరే సెల్‌కు వెళ్లేసరికి కాపీ ఎగిరిపోతుంది. చాలామంది ఈ కోడ్‌ని విడిగా మాడ్యూల్ పెట్టి అందులో రాసి, పనిచేయడం లేదంటారు. ఇది ఆ షీట్ కోడ్ విండోలోనే ఉండాలి. ఫైల్‌ను మాక్రో ఎనేబుల్డ్ వర్క్‌బుక్‌గా సేవ్ చేయాలి. మెయిల్‌లో వచ్చిన ఫైల్‌లో మాక్రోలు ఆగిపోతే, ఫైల్ ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి. పంపింది ఎవరో తెలిస్తేనే సుమా.

ఇది చూశాక అందరికీ వచ్చే ఆశ ఒకటుంది: డబ్బు ఇచ్చేసిన రైతు దగ్గర క్లిక్ చేస్తే టిక్ పడితే ఎంత బాగుండు అని. సెలెక్షన్‌ఛేంజ్‌తో ఆ పని చేయించకండి. బాణం కీతో ఆ కాలమ్ మీదుగా కిందికి దిగినా మాక్రో నడుస్తుంది, దారిలో ఉన్నవాళ్లందరికీ పట్టీ (అమ్మకం లెక్క) డబ్బు ఇచ్చేసినట్టు టిక్కులు పడిపోతాయి. ఒకే సెల్‌ని మళ్లీ క్లిక్ చేస్తేనేమో అసలు నడవదు, ఎందుకంటే సెలెక్షన్ మారలేదు కదా. పైగా మాక్రో షీట్‌లో ఏదైనా మార్చాక అన్‌డూ పనిచేయదు. టిక్కులకు బిఫోర్‌డబుల్‌క్లిక్ అనే ఈవెంట్ (మాక్రోను నడిపించే సందర్భం) వేరే ఉంది, అది కోడ్ విండో పైన కుడివైపు లిస్టులో దొరుకుతుంది. నా మటుకు సెలెక్షన్ మాక్రో చూపించడానికే, రాయడానికి కాదు.

ఎన్ని సెల్స్ సెలెక్ట్ అయ్యాయో చూడాల్సి వస్తే టార్గెట్.కౌంట్ వద్దు, టార్గెట్.కౌంట్‌లార్జ్ వాడండి (టార్గెట్ అంటే సెలెక్ట్ అయిన సెల్స్). షీట్ మొత్తం సెలెక్ట్ చేస్తే 10,48,576 వరసలు, 16,384 కాలమ్‌లు. అంత సంఖ్య కౌంట్‌లో పట్టక ఓవర్‌ఫ్లో అని ఆగిపోతుంది. మాక్రో తానే వేరే సెల్‌ని సెలెక్ట్ చేసేటట్టయితే ముందు అప్లికేషన్.ఎనేబుల్‌ఈవెంట్స్ ఫాల్స్ చేసి, అయ్యాక ట్రూ చేయాలి. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిందా, ఇక ఏ ఈవెంటూ పలకదు. అప్పుడు కోడ్ విండోలో కంట్రోల్ జీ నొక్కి, వచ్చిన గడిలో అప్లికేషన్.ఎనేబుల్‌ఈవెంట్స్ = ట్రూ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ చేస్తే సరి.

గూగుల్ షీట్స్ వాడేవాళ్లకు ఆన్‌సెలెక్షన్‌ఛేంజ్ అనే ఫంక్షన్ ఉంది. రాశాక పేజీ ఒకసారి రీఫ్రెష్ చేయాలి, షీట్ తెరిచిన ప్రతిసారీ కూడా.