కుర్రాళ్లకూ కార్పొరేషన్‌కూ మధ్యవర్తిగా ఉండటం ఎలా?

విజయవాడలో కాలనీ పిల్లల్ని వెంటేసుకుని కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్లే పెద్దమనుషులకు కొదవలేదు. ఎక్కువమంది శాలువా కప్పి, ఫొటో దిగి వచ్చేస్తారు. పగిలిన డ్రెయిన్ పగిలినట్టే ఉంటుంది.

కావలసినవి: ఒక నోట్‌బుక్, ఫోన్, తెల్ల కాగితాలు, నలుగురు పిల్లలు. అందులో ఇద్దరు అమ్మాయిలుండాలి. పదిమంది వెళ్తే ధర్నా అనుకుంటారు.

1. సమస్య ఒక్కటే పెట్టుకోండి. ఫొటో, వీధి పేరు, తేదీ పిల్లల చేతే రాయించండి. తెలుగులోనే.

2. అది ఎవరి పనో తేల్చండి. 2024 సెప్టెంబరు వరద చూసిన సింగ్‌నగర్ పిల్లలకు అన్నీ ఒకటే నీళ్లు. కానీ బుడమేరు వాగు జలవనరుల శాఖది, వీధి డ్రెయిన్ కార్పొరేషన్‌ది. పూడిక తీయాలంటే వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ, డ్రెయిన్ పగిలితే అమెనిటీస్ (సౌకర్యాల) సెక్రటరీ. ఆ తర్వాతే ఏఈ, అంటే కార్పొరేషన్ అసిస్టెంట్ ఇంజనీర్. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్తే నంబరు చేతికొస్తుంది గానీ మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మంగళవారం, పదకొండు లోపు వెళ్లాలి.

3. ఏఈ ముందు కూర్చోవడం. పని చెడేది ఇక్కడే. ఆయన పిల్లల్ని చూడడు, మీ వైపు తిరిగి "చెప్పండి సార్" అంటాడు. మీరు అందుకున్నారంటే ఇక పిల్లలు గోడవార కుర్చీలే. "వీళ్లది ఫలానా వీధి, వీళ్లే చెప్తారు" అని ఊరుకోండి. పిల్ల తడబడుతుంది. తడబడనివ్వండి. ఏఈ మళ్లీ మీ వైపు చూస్తే మీరు ఆ పిల్ల వైపు చూడండి.

ముందురోజు సాయంత్రం రిహార్సల్ తప్పనిసరి. మీరే ఏఈగా కూర్చుని "బడ్జెట్ లేదమ్మా" అనండి. "మేం పన్ను కట్టట్లేదా?" అని ఎవడో ఒకడు లేస్తాడు. వాణ్ణి కూర్చోబెట్టి, "ఎస్టిమేట్ వేశారా సార్?" అని అడగడం నేర్పండి. ఎస్టిమేటే వేయనప్పుడు బడ్జెట్ లేదన్న మాటకు అర్థం లేదు. పెద్ద పని ఏఈ ఒక్కడి చేతిలో ఉండదని, ఆయన పైన ఉండే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ (డీఈ), ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ (ఈఈ) దాకా వెళ్లాలని కూడా ముందే చెప్పండి. లేకపోతే ఆయన్నే దొంగని చేసేస్తారు.

"చూద్దాం లెండి" అనేది హామీ కాదు. తేదీ చెప్పేదాకా లేవకూడదు. చెప్పగానే నోట్‌బుక్‌లో రాయించి, అక్కడే పైకి చదివించండి.

కార్పొరేటర్ మనిషిని తీసుకెళ్లడం ఇంకో పద్ధతి. పని తొందరగానే అవుతుంది, కాదనను. కానీ పిల్లల మీద పార్టీ ముద్ర పడుతుంది, అధికారం మారితే రెండో అర్జీ కదలదు.

4. అర్జీ రెండు కాపీలు. ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి.

5. చెప్పిన తేదీ దాటితే ఫోన్, తర్వాత డీఈ. అప్పటికీ కదలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టించండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. "డ్రెయిన్ కట్టండి" అని కాదు, "మా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు" అని అడగాలి. దరఖాస్తు పిల్లల పేరుతోనే పెట్టించండి. మీ పేరుతో పెడితే జవాబు మీ ఇంటికొస్తుంది, పిల్లలు దానికోసం మీ గుమ్మం చుట్టూ తిరగాలి.