సిమ్యులేటర్ విమానం మొరాయిస్తే: లక్షణం చూసి లోపం పట్టుకోవడం

ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్ కోసం మొదటి విమానం తయారుచేస్తున్నవాళ్లలో ఒక అలవాటు తరచుగా కనిపిస్తుంది. సిమ్యులేటర్‌లో ఏదైనా తేడాగా అనిపిస్తే వెంటనే త్రీడీ బొమ్మలు గీసే బ్లెండర్ తెరిచి, రెక్కనో తోకనో చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు. ఆ శ్రమ చాలావరకు వృథా. మెష్, అంటే గీసిన త్రీడీ ఆకారం, బాగానే ఉంటుంది. మెష్‌కూ, దాన్ని ఎగరేసే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లకూ మధ్య పేరో, కొలతో, దిక్కో కుదరదు. ముందు అక్కడ వెతకాలి.

ఇక్కడ చెప్పేవన్నీ ఫ్లైట్‌గేర్, బ్లెండర్, జేఎస్‌బీసిమ్ అనే ఫ్లైట్ మోడల్ (విమానం ఎగిరే తీరును లెక్కించే భాగం) వాడేవాళ్ల కోసం. మూడూ ఉచితమే. ఉదాహరణలకు సెస్నా 172 తీసుకున్నాను. కొలతలు సులువుగా దొరుకుతాయి, చక్రాలు లోపలికి ముడుచుకోవు. మన దేశపు విమానమే కావాలంటే బెంగళూరు ఎన్‌ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్) వాళ్ల హంస-3 కూడా ఇలాంటిదే: రెండు సీట్లు, ఒకే ఇంజిన్, స్థిరమైన చక్రాలు. మొదటి ప్రయత్నానికే ఎయిర్‌బస్ ఏ320 ఎత్తుకోవద్దు.

ఏ సమస్య వచ్చినా మొదట చూడాల్సింది ఎఫ్‌జీఎఫ్‌ఎస్ డాట్ లాగ్ అనే ఫైల్. విండోస్‌లో యాప్‌డేటా, రోమింగ్ లోపల ఉండే ఫ్లైట్‌గేర్ డాట్ ఆర్గ్ ఫోల్డర్‌లో దొరుకుతుంది. లినక్స్‌లో హోమ్‌లో దాగి ఉండే డాట్ ఎఫ్‌జీఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లో ఉంటుంది. అందులో మీ విమానం పేరుతో వెతికితే సగం జవాబులు అక్కడే కనిపిస్తాయి.

లాంచర్ జాబితాలో విమానమే కనిపించదు

మీ విమానం ఫోల్డర్‌లో పేరు చివర "హైఫన్ సెట్ డాట్ ఎక్స్‌ఎంఎల్" అని ఉండే ఫైల్ తప్పనిసరి. లాంచర్ వెతికేది దాన్నే. అది ఉన్నా కనిపించలేదంటే రెండు అనుమానాలు. ఒకటి, యాడాన్స్ పేజీలో తప్పు ఫోల్డర్ చూపించి ఉంటారు. విమానం ఫోల్డర్ ఎందులో ఉందో ఆ పై ఫోల్డర్‌ను చూపించాలి, ఇంకా నాలుగు మెట్లు పైనున్న దాన్ని కాదు. రెండు, ఎక్స్‌ఎంఎల్‌లో ఎక్కడో ట్యాగ్ మూయలేదు. వివరణ రాసేచోట సరదాగా & గుర్తు పెట్టినా ఫైల్ మొత్తం చెల్లదు. ఫైల్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే ఏ లైన్‌లో తప్పుందో అదే చూపిస్తుంది.

విమానం కొండంత ఉంది, లేదా పక్కకు తిరిగి పడుకుంది

కొలతల తప్పు. సెస్నా 172 రెక్కల పొడవు 36 అడుగుల 1 అంగుళం, అంటే 11 మీటర్లు. డ్రాయింగ్‌లో అంగుళాలు చూసి అవే అంకెలు బ్లెండర్‌లో కొడితే 433 మీటర్ల రెక్క వస్తుంది. ఫ్లైట్‌గేర్ మోడల్‌ను మీటర్లలోనే చదువుతుంది. బ్లెండర్‌లో మొత్తం ఎంచుకుని 0.0254తో స్కేల్ చేయండి. అడుగుల్లో గీసి ఉంటే 0.3048. ఆ తర్వాత కంట్రోల్-ఏ నొక్కి స్కేల్, రొటేషన్ రెండూ అప్లై చేయండి. ఇది వదిలేస్తే తర్వాత హింజ్ (కదిలే పలక తిరిగే కీలు) కొలతలు తీసుకునేటప్పుడు ఏడిపిస్తుంది.

పక్కకు తిరగడానికి కారణం అక్షాలు. ఫ్లైట్‌గేర్ మోడల్‌లో ఎక్స్ తోక వైపు పెరుగుతుంది, వై కుడి రెక్క వైపు, జెడ్ పైకి. అంటే ముక్కు మైనస్ ఎక్స్ వైపు చూడాలి. మోడల్‌ను డాట్ ఏసీ ఫైల్‌గా రాసే ఏసీ3డీ యాడాన్ (బ్లెండర్‌కు విడిగా వేసుకోవాలి) మిగతా మార్పిడి చూసుకుంటుంది. ముక్కును మైనస్ వై వైపు పెట్టి గీసే అలవాటున్నవాళ్లకే ఈ ఇబ్బంది ఎక్కువ.

కుడి రెక్క ఒక వైపు నుంచి చూస్తే మాయమవుతుంది

ఎడమ రెక్క గీసి, మైనస్ 1తో స్కేల్ చేసి కుడి రెక్క తయారుచేసి ఉంటారు. అలా తిప్పితే ఫేస్‌ల నార్మల్స్ (ఉపరితలం ఎటు చూస్తోందో చెప్పే దిక్కులు) లోపలికి తిరుగుతాయి. బ్లెండర్‌లో ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చేస్తే తప్పుగా ఉన్నవి ఎర్రగా కనిపిస్తాయి. ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని షిఫ్ట్-ఎన్ కొడితే సరి. ఇకమీదట మిర్రర్ మాడిఫయర్ వాడండి, ఈ గొడవే ఉండదు.

ఎయిలెరాన్ రెక్కను వదిలి గాల్లో తిరుగుతోంది

కొత్తవాళ్లను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే. స్టిక్ కదపగానే ఎయిలెరాన్ (రెక్క వెనక అంచున పైకీ కిందకీ కదిలే పలక) రెక్క నుంచి ఊడి, విమానం చుట్టూ పెద్ద చాపం గీస్తూ వెళ్తుంది. యానిమేషన్‌కు ఎంత తిరగాలో చెప్పారు, ఎక్కడ తిరగాలో చెప్పలేదు. హింజ్ చోటు ఇవ్వకపోతే అది మోడల్ ఆరిజిన్ చుట్టూ తిరుగుతుంది.

బ్లెండర్‌లో హింజ్ గీత మీదున్న రెండు చివరి వెర్టెక్స్‌లను (మెష్ మూల బిందువులను) ఒక్కొక్కటిగా ఎంచుకుని, ఎన్ ప్యానెల్‌లో వాటి స్థానం చదవండి. అక్కడ లోకల్ కాకుండా గ్లోబల్ ఎంచుకోవడం మర్చిపోవద్దు. ఆ ఆరు అంకెలను యానిమేషన్‌లోని యాక్సిస్ ట్యాగ్‌లో మొదటి బిందువు, రెండో బిందువుగా రాయండి. చాలా పాఠాల్లో ఒక కేంద్రం ఇచ్చి, అక్షంగా 0, 1, 0 పెట్టేస్తారు. నిటారైన రెక్కకు అది చెల్లుతుంది. చివరికి సన్నబడే రెక్కలో హింజ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఎయిలెరాన్ ఒక కొస రెక్కలోకి దూసుకుపోతుంది. రెండు బిందువుల పద్ధతే మేలు.

తిరగాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా తిరిగితే ఫ్యాక్టర్ ముందు మైనస్ పెట్టండి, అంతే. రెండు ఎయిలెరాన్లూ ఒకేసారి పైకి లేస్తుంటే రెండింటికీ ఒకే ప్రాపర్టీ (సిమ్యులేటర్ లోపల పేరుతో ఉండే విలువ) ఇచ్చి ఉంటారు. ఎడమదానికీ కుడిదానికీ సర్ఫేస్-పొజిషన్స్ కింద వేర్వేరు ప్రాపర్టీలున్నాయి. డీబగ్ మెనూలోని ప్రాపర్టీ బ్రౌజర్ తెరిచి స్టిక్ కదుపుతూ అంకెలు చూస్తే ఏది ఎటు మారుతోందో తెలిసిపోతుంది.

అసలు కదలకపోతే పేరు కలవలేదు. ఆబ్జెక్ట్-నేమ్ ట్యాగ్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా లెక్కే. బ్లెండర్‌లో ఒక వస్తువును కాపీ చేస్తే పేరు చివర ".001" చేరుతుంది, దాన్ని గమనించం. డాట్ ఏసీ ఫైల్ మామూలు టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి నేమ్ అన్న పదం వెతికితే సిమ్యులేటర్ చూస్తున్న అసలు పేర్లు దొరుకుతాయి.

చక్రాలు రన్‌వేలో కూరుకుపోయాయి, లేదా విమానం గాల్లో నిలబడింది

కంటికి కనిపించే చక్రం వేరు, నేలను తాకే చక్రం వేరు. రెండోది జేఎస్‌బీసిమ్ ఫైల్‌లోని గ్రౌండ్ రియాక్షన్స్ విభాగంలో ఒక కాంటాక్ట్ బిందువు మాత్రమే. ఆ రెండూ ఒకే చోట ఉన్నాయని ఎవరూ హామీ ఇవ్వరు, మీరే కుదర్చాలి.

రెండు ప్రపంచాలనూ కలిపేది వీఆర్‌పీ అనే ఒక లొకేషన్. మీ బ్లెండర్ ఆరిజిన్ జేఎస్‌బీసిమ్ కొలతల్లో ఎక్కడుందో అది చెబుతుంది. ఆరిజిన్ ముక్కు కొస దగ్గర పెట్టుకుని, జేఎస్‌బీసిమ్ కొలతలను ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) నుంచి మొదలుపెడితే, ముక్కు కొస ఫైర్‌వాల్‌కు ఎంత ముందుందో వీఆర్‌పీలో రాయాలి.

ఇంకా తేలిక దారి ఉంది. జేఎస్‌బీసిమ్‌లో అక్షాల దిక్కులు మోడల్ లాంటివే: ఎక్స్ వెనక్కి, వై కుడికి, జెడ్ పైకి. తేడా ఏమిటంటే అందరూ అంగుళాల్లో రాస్తారు. లొకేషన్ ట్యాగ్‌లో యూనిట్‌ను మీటర్లుగా మార్చుకోవచ్చు. ఆరిజిన్ కూడా ఒకటే పెట్టుకుంటే వీఆర్‌పీ 0, 0, 0 అవుతుంది. ఇక బ్లెండర్‌లో చదివిన అంకెనే తెచ్చి రాసేయొచ్చు. పాత ఫైళ్లను చూసి అంగుళాలకే అతుక్కుపోవడం అనవసరం.

అయినా చక్రం కొద్దిగా, ఒక జానెడు లోపల, దిగి ఉంటే అది తప్పు కాదు. బరువుకు స్ప్రింగ్ నొక్కుకుంది, బొమ్మలోని చక్రం మాత్రం పైకి జరగలేదు. ట్రాన్స్‌లేట్ యానిమేషన్ పెట్టి, ఆ గేర్ కంప్రెషన్-ఎఫ్‌టీ ప్రాపర్టీకి కట్టండి. విలువ అడుగుల్లో వస్తుంది కాబట్టి ఫ్యాక్టర్ 0.3048.

రన్‌వే మీద పెట్టగానే విమానం బంతిలా ఎగిరిపడుతుంది

స్ప్రింగ్ మరీ గట్టిగా ఉండొచ్చు, డ్యాంపింగ్ (ఊగిసలాటను ఆపే నిరోధం) చాలకపోవచ్చు, లేదా తోక దగ్గరి కాంటాక్ట్ బిందువు నేల లోపల మొదలై ఉండొచ్చు. చివరిదాన్ని ముందు చూడండి, ఒక మైనస్ గుర్తు చాలు దానికి.

స్ప్రింగ్ విలువను ఊహించొద్దు, లెక్క కట్టండి. విమానం 2,400 పౌండ్లు అనుకుందాం. వెనక చక్రాలు ఒక్కోటి సుమారు 1,000 పౌండ్లు మోస్తాయి. నిలబడినప్పుడు 3 అంగుళాలు, అంటే పావు అడుగు నొక్కుకోవాలి. 1,000ని 0.25తో భాగిస్తే అడుగుకు 4,000 పౌండ్లు. ఆ బరువుకూ ఆ స్ప్రింగ్‌కూ ఊగిసలాట పూర్తిగా ఆగే డ్యాంపింగ్ 700 దగ్గర వస్తుంది. 500తో మొదలుపెడితే ఒకసారి చిన్నగా ఊగి కుదురుకుంటుంది.

అప్పటికీ వణుకుతుంటే మాస్ బ్యాలెన్స్‌లో ఇనర్షియా (తిరగడానికి విమానం చూపే జడత్వం) అంకెలు చూడండి. సెస్నా 172కు రోల్ ఇనర్షియా 948 స్లగ్-చదరపు అడుగులు. మీ దగ్గర 9.48 ఉంటే వణకక ఏం చేస్తుంది?

తోక మీద కూర్చుంటుంది. గాల్లో ముక్కు పైకి లేస్తూనే ఉంటుంది

రెండూ వేర్వేరుగా కనిపించినా మూలం చాలాసార్లు ఒకటే: గురుత్వ కేంద్రం, అదే సీజీ, మరీ వెనక ఉంది. ముక్కు చక్రం ఉన్న విమానంలో సీజీ వెనక చక్రాలకు ముందుండాలి. గాల్లో స్థిరంగా ఉండాలంటే ఏరోఆర్‌పీకి (గాలి బలాలు పనిచేసే బిందువుకు) కూడా ముందుంటే క్షేమం. తోక చక్రం విమానాలకు నేల మీద లెక్క తిరగబడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫైల్‌లో మీరు రాసే సీజీ ఖాళీ విమానానిది. దానికి పైలట్, ప్రయాణికుడు, సామాను, ఇంధనం చేరతాయి. పైలట్ పాయింట్‌మాస్‌ను (ఆయన బరువు ఉండే చోటును) మీటర్లలో ఆలోచించి అంగుళాల్లో రాసేస్తే ఆయన ఎక్కడో ఇంజిన్ మీద కూర్చుంటాడు. అందుకే ఫైల్‌లో అంకె చూసి ఊరుకోకుండా, ప్రాపర్టీ బ్రౌజర్‌లో ఎఫ్‌డీఎమ్, జేఎస్‌బీసిమ్, ఇనర్షియా కింద సీజీ-ఎక్స్-ఇన్ చూడండి. అదే అసలు సీజీ, అంగుళాల్లో. అది సరిగ్గా ఉండి కూడా ముక్కు లేస్తుంటే ఏరోడైనమిక్స్‌లో ఆల్ఫాకు (ఎదురుగాలికి రెక్క చేసే కోణానికి) సంబంధించిన పిచ్ మూమెంట్ గుణకం చూడండి. అది మైనస్‌లో ఉండాలి.

కాక్‌పిట్ వ్యూ పెడితే కెమెరా రెక్కలో ఉంటుంది

వ్యూ ఆఫ్‌సెట్లకు అక్షాలు మళ్లీ వేరు: ఎక్స్ కుడికి, వై పైకి, జెడ్ వెనక్కి. ఎందుకిలా అని అడగొద్దు, అలవాటు చేసుకోవాలి. బ్లెండర్‌లో పైలట్ కళ్ల దగ్గర ఒక ఎంప్టీ (ఆకారం లేని గుర్తు) పెట్టి దాని స్థానం చదవండి. అక్కడి వై ఇక్కడ ఎక్స్, అక్కడి జెడ్ ఇక్కడ వై, అక్కడి ఎక్స్ ఇక్కడ జెడ్.

కిటికీ అద్దంలోంచి చూస్తే అవతలి రెక్క లేదు

గీసే వరుస సమస్య. అద్దాన్ని ముందు గీస్తే దాని వెనకున్నవి తర్వాత రావు. అద్దాలను విడి ఆబ్జెక్టులుగా చేసి, మోడల్‌లో అన్నిటికంటే చివర వచ్చేలా పెట్టండి.

టేకాఫ్‌లో ఎడమకు లాగుతోంది

ఒక్క ప్రొపెల్లర్ ఉన్న విమానాల్లో ఇది చాలావరకు లోపం కాదు. సెస్నాలో కూడా పూర్తి పవర్ ఇస్తే కుడి రడ్డర్ తొక్కాల్సిందే. తీసేయకండి.

ఫ్రేమ్‌లు పడిపోయి నత్తనడక నడుస్తోంది

రివెట్లు ఒక్కొక్కటీ మెష్‌లో చెక్కారేమో చూడండి; వాటి చోటు టెక్స్చర్‌లోనో నార్మల్ మ్యాప్‌లోనో. 4096 × 4096 టెక్స్చర్ ఒక్కటి కుదించకుండా మెమరీలో 64 మెగాబైట్లు పడుతుంది, 2048 అయితే 16. సీటు బెల్టుకు 4096 ఎందుకు? దూరం నుంచి చూసినప్పుడు కాక్‌పిట్ వస్తువులు కనిపించకుండా రేంజ్ యానిమేషన్ పెడితే ఇంకా తేలికవుతుంది.

నా దగ్గర బాగుంది, ఫ్రెండ్ దగ్గర తెల్లగా కనిపిస్తోంది

టెక్స్చర్ దొరకలేదు. డాట్ ఏసీ ఫైల్‌లో టెక్స్చర్ లైన్ చూడండి. మీ కంప్యూటర్‌లోని డ్రైవ్, ఫోల్డర్లతో సహా పూర్తి దారి రాసి ఉంటే దాన్ని చెరిపి ఫైల్ పేరు మాత్రమే ఉంచి, బొమ్మను మోడల్ పక్కనే పెట్టండి. ఫ్రెండ్ లినక్స్ వాడుతుంటే అక్షరాల పెద్దా చిన్నా తేడా కూడా చూడాలి, విండోస్ దాన్ని పట్టించుకోదు. పంపే ముందు ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, పాతదాని పేరు మార్చి, అక్కడి నుంచి ఒకసారి నడిపి చూడండి.