సిజేరియన్‌కి ముందు ఆ ఒక్క ఇంజెక్షన్

గుంటూరులో ఆపరేషన్ థియేటర్ నర్సుగా ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. కాన్పుకి వచ్చినవాళ్ల అమ్మలు, అత్తలు తలుపు దగ్గర ఆపి అడిగేది ఎక్కువగా ఒకటే: "కుట్లు చీము పట్టకుండా ఏమిస్తారమ్మా?"

కోతకు ముందు నరానికి ఒక యాంటీబయాటిక్ ఇస్తాం, చాలావరకు సెఫజోలిన్. నేను చేరిన కొత్తలో బిడ్డకు చేరుతుందేమోనని బొడ్డుతాడు కత్తిరించాక ఇచ్చేవాళ్లు. కానీ కత్తి పడే వేళకే మందు ఒంట్లో ఉంటే తల్లికి ఇన్ఫెక్షన్ ఇంకా తగ్గుతుంది, బిడ్డకు హాని కనబడలేదు. అందుకే ఇప్పుడు కోతకు ముందు గంటలోపే ఇస్తాం. మందు ఎక్కించగానే గోడ గడియారం చూసి కేసు షీటులో టైమ్ రాస్తాను, డాక్టరుగారికి పైకి చెబుతాను.

మీరు చేయాల్సిన పెద్ద పని, ఏ మందు పడదో ముందే చెప్పడం. ఒకసారి ఒకమ్మాయి బల్లమీద పడుకున్నాక, సిరంజి నా చేతిలో ఉండగా, మెల్లగా అంది: "చిన్నప్పుడు పెన్సిలిన్ వేస్తే ఒళ్లంతా దద్దుర్లొచ్చి మూతి వాచిందంట." సెఫజోలిన్ కూడా పెన్సిలిన్‌కి దగ్గరి మందే కాబట్టి ఆగిపోయాను. డాక్టరుగారు క్లిండమైసిన్, జెంటామైసిన్‌కి మార్చారు. ఆ మాట ఓపీలోనే చెబితే ఆ టెన్షన్ ఉండేది కాదు. అమ్మనడిగి, కాగితం మీద రాసి తెచ్చుకోండి.

నొప్పులు మొదలయ్యాకో, ఉమ్మనీరు పోయాకో ఆపరేషన్ అయితే అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు కూడా కలుపుతారు. రక్తం బాగా పోయినా, ఆపరేషన్ గంటల తరబడి సాగినా ఇంకో డోసు పడుతుంది. లేకపోతే ఒక్క డోసే చాలు. ఐదు రోజుల కోర్సు రాయలేదని బాధపడకండి. అవసరం లేని మందుకు విరేచనాలవుతాయి, క్రిములు మొండికేస్తాయి. జ్వరమో, ఇన్ఫెక్షనో ముందే ఉంటే మాత్రం అది వేరే వైద్యం, రాసినన్ని రోజులూ వాడాల్సిందే.

ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు తీయకండి. ఆ గాట్లలోంచే క్రిములు పోతాయి. అవసరమైతే క్లిప్పరుతో మేమే తీస్తాం.

ఇంటికెళ్లాక మన ఎండలకు పొట్ట మడత కింద చెమట నిలుస్తుంది. శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరనివ్వండి. తడి కుట్లమీద నడికట్టు కట్టొద్దు, పసుపు అద్దొద్దు. 100.4 డిగ్రీల జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము, కాన్పయ్యాక పోయే మైలలో దుర్వాసన, వీటిలో ఏది కనిపించినా మెడికల్ షాపుకి కాదు, ఆ రోజే ఆసుపత్రికి రండి. రాత్రయినా సరే.