మీ కౌంటీ పేరు తెలుసా? మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్ళకు కొత్తగా వచ్చినవారికి టోర్నడో సూచనలు

అమెరికా మధ్య భాగమైన మిడ్‌వెస్ట్‌లో, మిస్సోరి రాష్ట్రంలోని మేరీవిల్, వారెన్స్‌బర్గ్ లాంటి యూనివర్సిటీ ఊళ్ళకు చదువుకోవడానికి వచ్చినా, పల్లె ఆసుపత్రిలో డాక్టరుగా చేరినా, మొదటి వారమంతా సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు, ఇండియన్ స్టోరు వెతుక్కోవడంతోనే గడిచిపోతుంది. ఆ హడావిడిలోనే, టోర్నడో (భూమిని తాకే భీకర సుడిగాలి) నుంచి కాపాడుకోవడానికి ఇంకొకటి కూడా కనుక్కోండి. మీరుంటున్నది ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది)? దానికి పడమర, నైరుతి దిక్కుల్లో ఉన్న కౌంటీలు ఏవి?

మేరీవిల్ ఉన్నది నాడవే కౌంటీలో. దానికి పడమర ఆచిసన్, నైరుతిన హోల్ట్. ఇక్కడి పెద్ద గాలివానలు ఎక్కువగా ఆ వైపు నుంచే వచ్చి ఈశాన్యంగా సాగిపోతాయి. టీవీలో, రేడియోలో హెచ్చరికలు చదివేటప్పుడు ముందు వినిపించేది కౌంటీ పేరే. హోల్ట్‌కి వార్నింగ్ ఇచ్చారంటే కాసేపట్లో మన మీదికీ రావచ్చని మీకు వెంటనే తట్టాలి.

కోస్తా నుంచి వచ్చినవాళ్ళకు తుఫాను కొత్త కాదు. కానీ తుఫాను సంగతి రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది, సామాన్లు సర్దుకోవచ్చు, ఊరు ఖాళీ చేయొచ్చు. టోర్నడోకి దొరికే వ్యవధి నిమిషాల్లోనే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మే, జూన్ నెలల్లోనే వస్తుందనీ అనుకోకండి. కెంటకీలోని గ్రేవ్స్ కౌంటీ కేంద్రం మేఫీల్డ్‌ను టోర్నడో కొట్టింది 2021 డిసెంబరు 10 రాత్రి. 165 మైళ్ళకు పైగా సాగి 57 మందిని బలి తీసుకుంది. కౌంటీ కోర్టు భవనం దెబ్బతింది, కొవ్వొత్తుల ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్ళ మీదే కూలింది. 2024 మే 21న అయోవాలోని గ్రీన్‌ఫీల్డ్‌లో, మేరీవిల్ నుంచి కారులో రెండు గంటల లోపు దూరంలోనే, సుమారు 2,000 మంది ఉండే ఊరిలో టోర్నడోకి ఆసుపత్రికే దెబ్బ తగిలి రోగులను వేరే చోటికి తరలించాల్సి వచ్చింది. పల్లె కౌంటీలో అసలు కష్టం ఇదే. ఆసుపత్రి ఒక్కటే, ఫైర్ సిబ్బంది కొద్దిమందే, వాళ్ళ ఇళ్ళూ అదే గాలికి పోయి ఉండొచ్చు. మొదటి కొన్ని గంటలు మీరూ మీ పక్కింటివాళ్ళే ఒకరికొకరు దిక్కు.

హెచ్చరికలు రెండు రకాలు, వాచ్, వార్నింగ్. వాచ్ అంటే టోర్నడో పుట్టడానికి వాతావరణం అనువుగా ఉందని. అప్పుడు ఫోన్లు ఛార్జింగ్‌లో పెట్టుకుని, బూట్లు దగ్గర ఉంచుకుని, లాంగ్ డ్రైవ్ మానుకుంటే చాలు. వార్నింగ్ అంటే రాడార్‌లో సుడి కనబడిందని, లేదా ఎవరో కళ్ళారా చూశారని. ఇక ఆలోచించేదేమీ లేదు, లోపలికి వెళ్ళాలి. మొదటిసారి అర్ధరాత్రి ఫోన్ గట్టిగా మోగగానే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆఫ్ చేసేసే పిల్లలు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. బయట మోగే సైరన్ ఆరుబయట ఉన్నవాళ్ళ కోసం పెట్టింది, ఏసీ వేసుకుని తలుపులు మూసుకుని పడుకున్నవాళ్ళకు వినబడుతుందని నమ్మకం లేదు. నలుగురు కలిసి ఉంటున్నారంటే తలా కొంత వేసుకుని ఒక వెదర్ రేడియో (వాతావరణ హెచ్చరికలు వినిపించే రేడియో) కొనండి. అందులో మీ కౌంటీ కోడ్ పెడితే మీ కౌంటీకి హెచ్చరిక వచ్చినప్పుడే మోగుతుంది, కరెంటు పోయినా బ్యాటరీతో పనిచేస్తుంది.

ఎక్కడ దాక్కోవాలన్నది ఈరోజే తేల్చుకోండి. బేస్‌మెంట్ ఉంటే అదే. లేకపోతే కింది అంతస్తులో, ఇంటి మధ్యలో, కిటికీ లేని బాత్రూమో క్లోజెట్టో. పై అంతస్తులో ఉంటున్నవాళ్ళు కింది ఇంటివాళ్ళతో ముందే మాట్లాడుకోండి, అడిగితే ఎవరూ కాదనరు. లీజు మీద సంతకం పెట్టేటప్పుడే ఆఫీసులో షెల్టర్ ఎక్కడని అడగండి. మొబైల్ హోమ్‌లో (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి పెట్టే తేలికపాటి ఇల్లు) ఉంటే బాత్రూమ్ కూడా కాపాడదు, వాచ్ వచ్చినప్పుడే గట్టి కట్టడానికి వెళ్ళిపోవాలి. రోడ్డు మీద ఉండగా వస్తే ఫ్లైఓవర్ కింద ఆగకండి, అక్కడ గాలి వేగం ఇంకా పెరుగుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, మీరు ఆఫీసులో ఉన్న పగటిపూట ఏం చేయాలో ఒకసారి చేయించి చూపించండి. సైరన్ వినగానే ఏమైందోనని బాల్కనీలోకి వెళ్ళడం పెద్దవాళ్ళకు సహజం.

గాలి వెళ్ళిపోయాక తెగిపడిన తీగల దగ్గరికి పోకండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ కూడా ముట్టుకోకుండా బయటికి వచ్చేయండి. జనరేటర్‌ను గ్యారేజీలోనో బాల్కనీలోనో పెట్టవద్దు, ఇంటికి కనీసం 20 అడుగుల దూరం ఉండాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇండియాకి కాల్ కలవకపోతే మెసేజ్ పెట్టండి, కాల్ వెళ్ళనప్పుడు కూడా చాలాసార్లు అది వెళ్తుంది.

డబ్బు సంగతికి వస్తే, ఓనర్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌కే వర్తిస్తుంది. మీ ల్యాప్‌టాప్, బట్టలు, ఇల్లు పాడై హోటల్లో ఉండాల్సి వస్తే ఆ ఖర్చు, ఇవన్నీ అద్దెకుండేవాళ్ళు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్‌లోంచే రావాలి. దాని నెలవారీ ఖర్చు ఒకసారి బయట భోంచేసినంత. వరద మాత్రం అందులో ఉండదు. పాత కారుకి లయబిలిటీ (మన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చే ఇన్సూరెన్స్) ఒక్కటే తీసుకున్నవాళ్ళకు వడగళ్ళు పడి అద్దాలు పగిలినా, చెట్టు మీద పడినా ఏమీ రాదు, దానికి కాంప్రహెన్సివ్ అనే ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. ఇంట్లో ఉన్నవన్నీ ఇప్పుడే ఒక వీడియో తీసి క్లౌడ్‌లో పెట్టుకోండి. దెబ్బతిన్నాక ఏదీ కదపకముందే మళ్ళీ తీయండి. ఇంటి ముందుకే వచ్చి రూఫు వేస్తామని మొత్తం డబ్బు ముందే అడిగేవాళ్ళకు పైసా ఇవ్వకండి.

ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) సాయం కూడా కౌంటీని బట్టే ఉంటుంది. ప్రకటించిన జాబితాలో మీ కౌంటీ ఉంటేనే అప్లై చేయగలరు. వాళ్ళిచ్చే నగదు సాయం సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు, శరణార్థుల్లాంటి కొన్ని వర్గాలకే. ఎఫ్-1 (స్టూడెంట్), హెచ్-1బి (ఉద్యోగం), జె-1 (ఎక్స్ఛేంజ్) వీసాల మీద ఉన్నవాళ్ళకు రాదు. కానీ మీ ఇంట్లో ఇక్కడ పుట్టి సిటిజన్ అయిన పాప ఉంటే ఆమె తరఫున మీరు అప్లై చేయవచ్చు. ఈ సంగతి తెలియక వదులుకునే కుటుంబాలు ఉంటాయి, అందుకే గట్టిగా చెబుతున్నాను. రెడ్‌క్రాస్ షెల్టర్, భోజనం, కౌన్సెలింగ్ మాత్రం ఏ వీసా ఉన్నా అందరికీ. వెళ్ళడానికి మొహమాటపడకండి. ఎక్కడ ఏం ఇస్తున్నారో తెలియకపోతే 211కి ఫోన్ చేయండి. ప్రాణాపాయం ఉంటే 911.

ఇల్లు మారితే 10 రోజుల్లోపు కొత్త అడ్రసు తెలపాలి. ఎఫ్-1 వాళ్ళు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి, హెచ్-1బి వాళ్ళు ఆన్‌లైన్‌లో యూఎస్‌సీఐఎస్‌కి (ఇమిగ్రేషన్ శాఖకి). ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) పోతే అదే కాలేజీ ఆఫీసు మళ్ళీ ఇస్తుంది, ఐ-94ను (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ఇంటర్నెట్‌లోంచి ప్రింట్ తీసుకోవచ్చు. పాస్‌పోర్టు పోతే మీ రాష్ట్రం ఏ భారత కాన్సులేట్ కిందికి వస్తుందో చూసుకోవాలి. మిస్సోరి వాళ్ళకు అది షికాగో.

టోర్నడో తర్వాత చెట్లు తీయడానికి, చెత్త ఎత్తడానికి రోజు కూలికి పిలిచేవాళ్ళు వస్తారు. స్టూడెంట్ వీసా మీద ఆ నగదు తీసుకుంటే స్టేటస్ (ఇక్కడ ఉండే అర్హత) పోయే ప్రమాదం ఉంది. చర్చి తరఫునో రెడ్‌క్రాస్ తరఫునో ఉచితంగా చేయడంలో ఇబ్బంది లేదు. మందపాటి బూట్లు, గ్లవ్స్ వేసుకుని వెళ్ళండి, మేకులు గుచ్చుకుంటాయి, టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి. ఆ తర్వాత వారాల తరబడి గాలి శబ్దానికే టెన్షన్ పడుతూ నిద్ర పట్టకపోతే, విపత్తు తర్వాత మనసు బాగోలేనివాళ్ళ కోసం ఉన్న డిజాస్టర్ డిస్ట్రెస్ హెల్ప్‌లైన్ 1-800-985-5990కి ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పెట్టవచ్చు.