బత్తాయి లోడు ఎత్తే ముందు పాత పికప్‌లో కరెంటు చూసుకోండి

ఎండాకాలంలో దెబ్బతిన్న బ్యాటరీ వానాకాలంలో బయటపడుతుంది. రోహిణి కార్తె ఎండకు, పైగా ఇంజన్ వేడికి బ్యాటరీలో నీరు తగ్గిపోతుంది. లోపలి ప్లేట్లు తేలి, బలం సగానికి పడిపోయినా మనకు తెలియదు. పగలు తిరిగే బండికి లైట్లతో పని లేదు, వైపర్లతో పని లేదు, వేడి మీదున్న ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మృగశిర దాటి ముసురు పట్టాక లైట్లు, వైపర్లు, బ్లోయరు ఒకేసారి వేయాల్సి వస్తుంది. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

నల్లగొండ జిల్లాలో బత్తాయి సీజన్ కాయ దిగేది కూడా ఆ వానల్లోనే. పగలంతా కోత, సాయంత్రం లోడు, రాత్రి ప్రయాణం, తెల్లవారేసరికి బాటసింగారం. హైదరాబాద్ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో అక్కడికి మారినా మన రాత్రి ప్రయాణం మారలేదు. చీకటి, వాన, బరువు మూడూ కలిసిన ఆ దారిలో పదిహేనేళ్ల బండిని నమ్ముకొని పోయేవాళ్లు ముందుగా ఒక పూట కేటాయించి బ్యాటరీ, వైర్లు సరిచూసుకోవాలని నా విన్నపం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నిడమనూరు వైపు నుంచి కాయ నింపుకొని వస్తూ నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కిన కాసేపటికి, ఒక రాత్రి నా బండిలో లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. మీటరు బోర్డు చీకటి, హారన్ లేదు, వెనుక ఎర్ర లైట్లు లేవు. మాది కేబుల్ లాగి ఆపే పాత డీజిల్ ఇంజన్ కావడంతో అది మాత్రం నడుస్తూనే ఉంది. వెనుక వస్తున్న లారీకి నేను కనిపించలేదు. ఎలాగో ఎడమ అంచుకు తిప్పాను. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆ లారీ దూసుకుపోయింది. బండిలో నాతోపాటు ఇద్దరు కూలీలున్నారు.

మర్నాడు చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేయించాను. మూడు రోజులు బాగానే ఉంది, నాలుగో రోజు మళ్లీ అదే చీకటి. చివరికి ఒక ముసలి ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి, మీటరు కూడా బయటికి తీయకుండా, పాజిటివ్ టెర్మినల్ దగ్గర సెల్ఫ్‌కు పోయే లావు కేబుల్ పక్కనుంచి క్యాబిన్‌కు వెళ్లే సన్న వైరును రెండు వేళ్లతో పట్టుకొని వంచాడు. పైన ఎర్రటి తొడుగు నిగనిగలాడుతోంది. వంచిన చోట మాత్రం తడి గుడ్డలా మెత్తగా వంగిపోయింది. బ్లేడుతో తొడుగు చీల్చితే లోపల రాగి లేదు, పచ్చటి పొడి రాలింది. యాసిడ్ ఆవిరి లోపలికి పాకి తీగను చిలుముగా మార్చేసింది. కొత్త బ్యాటరీ బిగించేటప్పుడు ఆ వైరు కాస్త కదిలి అంటుకుంది, అందుకే మూడు రోజులు నడిచింది.

అప్పటినుంచి ఒక లెక్క పెట్టుకున్నాను. లైట్లు రోజురోజుకూ మసకబారుతూ, సెల్ఫ్ ఈడుస్తూ వస్తే బ్యాటరీనో, దాన్ని ఛార్జ్ చేసే డైనమోనో అనుమానించాలి. అంతా బాగుండి ఒక్కసారిగా మొత్తం ఆరిపోతే ముందు చూడాల్సింది అతుకులను, మెయిన్ ఫ్యూజును. బ్యాటరీ అలా చావడం అరుదు. ఈ ఒక్క తేడా తెలిస్తే వేల రూపాయల అనవసర ఖర్చు తప్పుతుంది.

తాళం తిప్పినప్పుడు బండి ఏం చేస్తుందో కూడా గమనించండి. హెడ్‌లైట్లు మామూలుగా వెలుగుతూ, సెల్ఫ్ కొట్టగానే అన్నీ ఆరిపోయి, కాసేపటికి వాటంతట అవే తిరిగి వస్తే టెర్మినల్ వదులైనట్లు, లేదా దాని కింద పొర కట్టినట్లు. చిన్న కరెంటు ఆ పొరను దాటగలదు, సెల్ఫ్ లాగే పెద్ద కరెంటు దాటలేదు. లైట్లు మసకగా ఉండి టకటకమని చప్పుడు వస్తే బ్యాటరీ దిగిపోయింది. లైట్లు ఏమాత్రం తగ్గకుండా సెల్ఫ్ మాత్రం పలకకపోతే సెల్ఫ్‌కు కరెంటు కలిపే సోలనాయిడ్‌ను, దానికి వచ్చే వైరును, తాళం స్విచ్‌ను చూడాలి. ఏదీ పలకకపోతే బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి వరసగా పోవాలి.

దానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. రెండు వైర్లు అతికించిన 12 వోల్టుల బల్బు చాలు. ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి, రెండో కొసను వరసగా పాజిటివ్ సీసపు మొన మీద, దాని మీది క్లాంపు మీద, మెయిన్ ఫ్యూజుకు ఇటు, ఆ తర్వాత అటు, తాళం స్విచ్‌కు వచ్చే వైరు మీద ఆనించండి. బల్బు ఎక్కడ వెలగడం మానేస్తుందో, దానికీ అంతకుముందు వెలిగిన చోటుకూ మధ్య తెగింది. మొనను ముట్టుకుంటే వెలిగి, దాని మీది క్లాంపును ముట్టుకుంటే వెలగకపోతే తప్పు ఆ రెండింటి మధ్యే. ఇప్పుడు తిప్పి చూడండి. ఒక కొస పాజిటివ్ మీద ఉంచి రెండోది ఇంజన్‌కు, చాసిస్‌కు, క్యాబిన్ ఇనుముకు తాకించండి. మూడు చోట్లా ఒకేలా వెలగాలి. ఒకచోట వెలగకపోతే బ్యాటరీ నెగటివ్‌ను ఆ ఇనుముకు కలిపే ఎర్త్ వైరు పోయినట్లే. పాత బండ్లలో ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు, మట్టి పేరుకొని ఉంటుంది. దాన్ని విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి మళ్లీ బిగించడానికి పది నిమిషాలు పడుతుంది. బల్బు చిన్న కరెంటుకే వెలుగుతుంది కాబట్టి అది వెలిగినా సెల్ఫ్ బలహీనంగా తిరుగుతుంటే ఆ పట్టీని విప్పి చూడాల్సిందే.

మల్టీమీటరు ఉంటే ఇంకా మంచిది. రాత్రంతా నిలిపిన బండిలో ఉదయం చూస్తే 12.6 వోల్టులు నిండు బ్యాటరీ, 12.2 సగం, 12కు దిగితే ఛార్జింగ్ పెట్టాల్సిందే. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. పెరగకపోతే డైనమో ఛార్జింగ్ ఇవ్వడం లేదు. 15 దాటితే ఛార్జింగ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, అది బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది.

టెర్మినళ్లు విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఈ వరస తప్పితే పాజిటివ్ మీది స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఛార్జింగ్‌లో బ్యాటరీ నుంచి వెలువడే వాయువు అంటుకునే రకం కాబట్టి బీడీ, సిగరెట్ దరిచేరనీయకండి. చేతి ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టండి. వంటసోడా కలిపిన వేడినీళ్లతో చిలుము కడగండి, ఆ నీరు సెల్ మూతల్లోకి పోకూడదు. బాగా ఆరనిచ్చి, క్లాంపు బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. బ్యాటరీలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. మన బోరు నీళ్లలో ఏమేం కరిగి ఉంటాయో నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పాలా? ఆ లవణాలు ప్లేట్లను తినేస్తాయి. యాసిడ్ కూడా పోయవద్దు. తగ్గేది నీరే.

డైనమో బెల్టును మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. చాలా పాత డీజిల్ పికప్‌లలో బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ పంపు డైనమో వెనుకనే ఉంటుంది. బెల్టు తెగితే ఛార్జింగ్‌తోపాటు ఆ సాయమూ పోతుంది, రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. నిండు లోడుతో దిగుడులో ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. బోర్డు మీద బ్యాటరీ ఎర్ర దీపం వెలిగితే మార్కెట్‌దాకా లాగేద్దామనుకోకుండా అక్కడే పక్కకు ఆపండి. బెల్టు అంచులు పీచులు లేచినా, పగుళ్లు కనిపించినా సీజన్‌కు ముందే మార్చేయండి.

మన ఊళ్లలో మామూలైపోయిన కొన్ని పనులున్నాయి. ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టడం, సిగరెట్ ప్యాకెట్టులోని వెండి కాగితం పెట్టడం. ఫ్యూజు ఉన్నదే వైరుకు బదులు తాను కాలిపోవడానికి. దాన్ని కాలనీయకపోతే క్యాబిన్ కాలుతుంది. డైనమో పరీక్షకని నడుస్తున్న ఇంజన్ మీద టెర్మినల్ పీకడం కూడా అలాంటిదే, ఒక్క క్షణంలో డైనమోలోని డయోడ్లు కాలిపోవచ్చు. ట్రేలు ఎక్కువ పట్టాలని బాడీకి యాంగిల్ ఫ్రేము వెల్డింగ్ చేయిస్తుంటే ముందు నెగటివ్ విప్పించండి.

దారిలో బ్యాటరీ దిగిపోతే పక్క బండి నుంచి కరెంటు తీసుకోవచ్చు. కానీ లారీ నుంచి తీసుకోకండి. పెద్ద లారీలు 24 వోల్టులవి, మన పికప్ 12. కారు, మరో పికప్, లేదా 12 వోల్టుల ట్రాక్టరు అయితే పర్వాలేదు. పాజిటివ్‌కు పాజిటివ్ కలిపి, నెగటివ్ కేబుల్‌ను ముందు మంచి బండి బ్యాటరీకి, చివరి కొసను మీ బండి బ్యాటరీకి దూరంగా ఇంజన్ ఇనుముకు తగిలించండి.

కరెంటు మొత్తం పోయిన బండిలో పార్కింగ్ లైట్లు కూడా వెలగవు. అందుకే వెనుక డాలాకు అంటించిన రిఫ్లెక్టర్ పట్టీలే ఆ రాత్రి మీ లైట్లు. బురద తుడిచి, చిరిగినవి మార్చండి. బండి ఆగిన వెంటనే అందరినీ దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి, వెనుక చక్రం దగ్గర ఎవరినీ కూర్చోనివ్వకండి. ఎర్ర త్రికోణాన్ని కనీసం యాభై అంగలు వెనక్కి నడిచి పెట్టి, జాతీయ రహదారి మీదైతే సహాయ నంబరు 1033కు ఫోను చేయండి. ఆ త్రికోణం, టార్చి సీటు వెనుక ఉండాలి. డాలాలో పెట్టి పైన ట్రేలు పేరిస్తే కావలసినప్పుడు చేతికి అందవు.